అరుగు ముందు హాజరు

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు చెప్పింది పటమటలో ఆవిడ పక్కింటి వకీలు గారు. ఆయన ఫోన్ చేస్తే ముందు నా ఆరోగ్యం, పిల్లల చదువులు, హైదరాబాదులో ఎండలు అన్నీ అడిగాక గాని అసలు సంగతికి రారు. ఆ రోజు ఎత్తుకోవడమే, "అమ్మా, మేడమ్ గారి ట్యాంకు పొంగుతోందమ్మా" అన్నారు. నేను ఆఫీసులో ఉన్నాను. నాకేమీ అర్థం కాలేదు. "పొద్దుటి నుంచీ పొంగి మా గోడ మీదకి కారుతోంది. ఆవిడ మోటారు వేసి మరిచిపోయే మనిషి కాదు కదా. ఏంటా అని మా ఆవిడ వెళ్లి తలుపు కొట్టింది..." అని ఆగిపోయారు. ఎంత పెద్ద జడ్జి ముందైనా తడబడని గొంతని ఆయనకి పేరు. అది ఆగిపోగానే నాకు విషయం తెలిసిపోయింది.

వంటింటి గుమ్మంలో కూలబడి అలాగే పోయిందట. గుండె ఆగింది. ఆట్టే బాధపడి ఉండదని డాక్టరు అన్నాడు. అందరు డాక్టర్లూ ఆ మాటే అంటారనుకోండి, అయినా నమ్మాలనిపించింది.

ఆవిడ మా నాన్న అక్క. విజయవాడలో ఓ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైంది. మామయ్య పెళ్లయిన కొద్ది కాలానికే పోయాడు, పిల్లల్లేరు. పటమటలో రెండు గదుల ఇల్లు, గంజి పెట్టిన నేత చీరలు, ఇడ్లీలోకి కూడా ఆవకాయ. చీటికీ మాటికీ నవ్వే రకం కాదు గాని, నవ్విందంటే పక్కింట్లో వకీలు గారు పేపరు దించి చూసేవారు. ఇలాంటి మనిషి గురించి పేపరు వాళ్లు రాయరు. మా బంధువుల్లో చాలామంది ఆవిడ పోయాక కూడా "మంచిదేలే గాని, మొండి ఘటం" అనే అన్నారు. ఆ మొండితనం ఎక్కడ మొదలైందో, దానికి ఆవిడ ఏం చెల్లించుకుందో తెలిసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

నేను ఇంటర్ చదివింది విజయవాడలో, కిటికీలకే కాదు, మెట్లకి కూడా గ్రిల్స్ బిగించిన ఓ కాలేజీ హాస్టల్లో. అవి ఎంసెట్ పిచ్చి ముదిరిన రోజులు. తెల్లారకముందే లేపి కూర్చోబెట్టేవాళ్లు. నిద్రలో కూడా ఫార్ములాలు వల్లించేవాళ్లం. ఆదివారం బయటికి రావాలంటే లోకల్ గార్డియన్ వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. నా గార్డియన్ అత్తయ్యే. వార్డెన్ ప్రతిసారీ, "మేడమ్, సాయంత్రం చీకటి పడకుండా పిల్లని అప్పజెప్పాలి" అనేది. ఓసారి అత్తయ్యకి ఒళ్లు మండి, "అప్పజెప్పడానికి ఇదేమన్నా అద్దె సైకిలా అమ్మా?" అంది. ఆ తరవాత వారం రోజులు హాస్టలంతా నన్ను అద్దె సైకిల్ అనే పిలిచారు.

కొన్ని ఆదివారాలు పటమటలోనే పప్పుచారు తిని పడుకునేదాన్ని. కొన్నిసార్లు ఇద్దరం బస్సెక్కి, గన్నవరం దాటి, హనుమాన్ జంక్షన్‌లో దిగి, అక్కణ్నించి ఆటోలో కాలవ గట్టు మీదుగా మా ఊరు వెళ్లేవాళ్లం. తాతయ్య అప్పుడు బతికే ఉన్నాడు. ఆయన తండ్రి ఆ ఊరికి మునసబు. మునసబీ పోయి ఎన్నాళ్లో అయినా, ఊళ్లో తగువులన్నీ మా అరుగు మీదకే వచ్చేవి.

ఆ అరుగు దగ్గరకి రోజూ పొద్దు వాలే వేళకి వెంకన్న అని ఓ ముసలాయన వచ్చేవాడు. కాలవ గట్టు మీద కొన్ని ఎరుకల కుటుంబాలు ఉండేవి. ఈత బరిగెలతో బుట్టలు, తట్టలు అల్లేవాళ్లు, పందుల్ని మేపేవాళ్లు. వాళ్లలో పెద్ద వెంకన్న. చెప్పులు వీధిలోనే వదిలి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, అరుగుకి కాస్త దూరంలో నిలబడేవాడు.

"ఉన్నామండి."

"అందరూనా?" అనేవాడు తాతయ్య, పేపర్లోంచి తలెత్తకుండా.

"అందరవండి. మా పెద్దోడు రేపు నూజివీడు ఎల్తన్నాడండి. మావిడి తోటల్లో తట్టలు కావాలన్నారు. పెళ్లాం పిల్లలు ఇక్కడే ఉంటారండి. ఎల్లుండికి వచ్చేత్తాడు."

"ఊఁ. సరే."

అంతే. వెంకన్న చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. వాన పడినా, జ్వరమొచ్చినా, పండగైనా ఇది తప్పేది కాదు. కుటుంబమంతా కలిసి ఊరు దాటేది లేదు. ఒకళ్లు వెళ్తే మిగతావాళ్లు గట్టు మీద ఉండాల్సిందే. పాలవాడు వచ్చినట్టు, పేపరువాడు వచ్చినట్టు వెంకన్న కూడా వస్తాడనుకునేవాళ్లం మేము. ఎందుకొస్తాడని ఇంట్లో ఎవరూ అడగలేదు. మా చిన్నప్పుడు పిల్లలమంతా ఆ ఆట కూడా ఆడేవాళ్లం. ఒకడు తాతయ్య, ఒకడు వెంకన్న. వెంకన్న వేషానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

అత్తయ్య కూడా ఆ అరుగు మీదే పెరిగింది. ఆవిడకీ అది రోజూ జరిగే తంతే. ఓ వారం కాలేజీలో తెల్లవాళ్ల చట్టాల గురించి పాఠం చెబుతోందట. కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులని తెల్లవాళ్లు చట్టం చేశారనీ, వాళ్లు రోజూ మునసబు ముందుకొచ్చి హాజరు పలకాలనీ, ఊరు దాటాలంటే చెప్పి, అనుమతి తీసుకుని వెళ్లాలనీ, లేకపోతే జైలనీ చెప్పుకుంటూ పోతోంది. మధ్యలో నోరు పడిపోయిందట. "పుస్తకంలో ఉన్నదాన్ని చదువుతున్నాననుకున్నానే. మన అరుగుని చదువుతున్నాను" అంది నాతో, ఆ ఆదివారం బస్సులో.

ఆ సాయంత్రం వెంకన్న వచ్చి వెళ్లాక తాతయ్యని అడిగింది. "నాన్నా, ఇతను రోజూ ఎందుకొస్తాడు?"

"ఎందుకొస్తాడేంటే? వాళ్ల నాన్న మా నాన్న దగ్గరకొచ్చేవాడు. ఇతను నా దగ్గరకొస్తాడు. మర్యాద."

"మర్యాద కాదు నాన్నా. అది తెల్లవాళ్ల చట్టం. హాజరు. తాతయ్య మునసబు కాబట్టి ఆయన ముందు పలికేవాళ్లు."

"తెల్లవాళ్లు పోయి ఎంత కాలమైందీ!"

"స్వతంత్రం వచ్చిన కొత్తల్లోనే ఆ చట్టమూ పోయింది. ఆ సంగతి వెంకన్న వాళ్లకి ఎవరు చెప్పారు?"

తాతయ్య చాలాసేపు పేపరు మడతపెడుతూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదాయన. ఎవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. "మా నాన్న చెప్పలేదు కాబోలు. నాకెవరూ చెప్పలేదు" అన్నాడు చివరికి. "ఐతే ఇప్పుడు చెప్పు. రావొద్దను. నాకేం?"

అత్తయ్య నన్ను వెంటేసుకుని అప్పటికప్పుడు గట్టు మీదకి వెళ్లింది. వెంకన్న గుడిసె ముందు, కొడుకు ఏసోబు, కోడలు కోటమ్మ, ఇంకా చుట్టుపక్కలవాళ్లంతా చేరారు. ఆవిడ క్లాసులో చెప్పినట్టే అంతా విప్పి చెప్పింది. వెంకన్న విన్నాడు. తన తల్లిని చిన్నప్పుడు కృష్ణ అవతల, తెల్లవాళ్లు ఇలాంటి కుటుంబాల్ని కట్టడి చేసిన సెటిల్మెంటులో ఉంచారనీ, సాయంత్రం గంట కొడితే గేటు మూసేసేవాళ్లనీ చెప్పేదన్నాడు. "మరి రాకపోతే పెద్దయ్యగారు ఏవనుకుంటారోనండి" అన్నాడు. ఏమీ అనుకోరని అత్తయ్య మాటిచ్చింది. కోటమ్మ మాత్రం చంకలో పిల్లతో వెనక నిలబడి, అత్తయ్య మొహం కేసి చూస్తూ ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో అత్తయ్యకి నేల మీద కాలు ఆగలేదు. జంక్షన్‌లో జామకాయలు కొని, ఉప్పూ కారం అద్దించి, బస్సులో పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకి కూడా పెట్టింది. అత్తయ్య అంత సంతోషంగా ఉండగా నేను చూడటం అదే మొదలు. నాకు తెలిసి అదే చివర కూడా.

నెల తిరక్కుండానే మా ఊళ్లో ఓ చేపల చెరువు మీద నీళ్లు తోడే ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు. పోలీసులు వచ్చి చెరువులాయన్ని రెండు ప్రశ్నలడిగి, నేరుగా కాలవ గట్టు మీదకి వెళ్లి ఏసోబుని జీపెక్కించుకు పోయారు. వెంకన్న మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఇదివరకు ఇలాంటివి జరిగినప్పుడు తాతయ్య ఒక్క మాట అనేవాడట: "వాళ్లు ఆ పూట నా ముందుకొచ్చి చెప్పి వెళ్లారు, ఊళ్లోనే ఉన్నారు" అని. ఆ మాటకి పోలీసులు తగ్గేవాళ్లు. రోజూ వచ్చి నిలబడినందుకు వాళ్లకి దక్కింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు తాతయ్య ఏమంటాడు? "మీరు రావడం మానేశారు కదరా. ఆ రోజు ఎవరెక్కడున్నారో నాకేం తెలుసు? అబద్ధం ఎలా చెప్పమంటావు?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. అదే ఘోరం.

నాన్న హాస్టల్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేసరికి అత్తయ్య నన్ను హాస్టల్ నుంచి తీసుకుని గేటు దాటుతోంది. నన్ను వెనక్కి పంపే తీరిక కూడా లేక, అలాగే వెంటబెట్టుకుని స్టేషన్‌కి వచ్చింది. బయట చెట్టు కింద వెంకన్న, కోటమ్మ కూర్చుని ఉన్నారు. లోపల ఎస్సై లేచి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. పెద్దింటి ఆడపడుచు, పైగా లెక్చరరు.

"కేసేంటండీ?" అంది అత్తయ్య.

"కేసేం లేదు మేడమ్. ఊరికే విచారణ."

"ఎన్నాళ్లు చేస్తారు?"

"ఇంజను దొరికేదాకా" అని నవ్వాడు. తరవాత కాస్త ముందుకి వంగి, "మీలాంటివాళ్లు మధ్యలో ఉంటే మాకు ఇబ్బంది లేదండి. మీరు హామీ రాసివ్వండి. వాళ్లు ఎక్కడికెళ్లినా మీకు తెలిసే వెళ్తారని, పిలిచినప్పుడు మీరు హాజరు పెడతారని. ఇప్పుడే తీసుకెళ్లిపోండి" అన్నాడు.

కానిస్టేబుల్ తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టాడు. అత్తయ్య పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆ కాగితం అంటే ఏమిటో ఆ గదిలో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మొన్న మొన్ననే దాని గురించి పిల్లలకి పాఠం చెప్పి వచ్చింది. పక్కగదిలోంచి ఏసోబు అరుపు వినిపించింది. మనిషి అరుపులా లేదది. అత్తయ్య రాసిచ్చి సంతకం పెట్టింది.

ఏసోబు కుంటుకుంటూ వచ్చి, వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు. వెంకన్న కూడా పెట్టాడు. ఆవిడ గబగబా రోడ్డు మీదకి వచ్చేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి, "మీ తాతయ్య తరవాత మునసబీ ఎవరికొస్తుందా అనుకునేదాన్ని. నాకొచ్చిందే" అంది. ఏడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సంతకంతో మొదలైన కాలం అలా ఇలా కాదు, ఏళ్లు సాగింది. వెంకన్న మళ్లీ మా అరుగు ముందుకి రావడం మొదలుపెట్టాడు. అది చాలదన్నట్టు, అత్తయ్య ఊరికొచ్చిందని తెలిస్తే గట్టు మీంచి ఎవరో ఒకరు వచ్చి, "అమ్మా, మావోడు రేపు ఏలూరు ఎల్తాడండి" అని చెప్పేవాళ్లు. ఆవిడ చెవులు మూసుకునేది. "నాకు చెప్పొద్దు. మీ దారిన మీరు వెళ్లండి" అనేది.

"అట్టా అంటే ఎట్టాగమ్మా? మేం చెప్పకుండా ఎల్తే రేపు మీకే మాటొత్తది. మీరు సంతకం పెట్టారుగా" అనేవాడు వెంకన్న. ఆవిడకి ముప్పు రాకుండా వాళ్లు హాజరు పలికేవాళ్లు. వాళ్లకి దెబ్బలు పడకుండా ఆవిడ వినేది. ఎవరి మంచితనం ఎవరి మెడకి ఉచ్చైందో చెప్పడం కష్టం.

ఊళ్లో ఏది పోయినా పటమటలో ఫోను మోగేది. "మేడమ్, మీ వాళ్లని కాస్త తీసుకురావాలి." ఆ 'మీ వాళ్లు' అన్న మాట వింటే ఆవిడకి తేలు కుట్టినట్టుండేది. పడుతూ లేస్తూ బస్సెక్కేది. వేరే జిల్లాలో ప్రిన్సిపాల్‌గా వేస్తామంటే వద్దంది. హైదరాబాదులో పరిశోధన చేసుకునే అవకాశం వస్తే అదీ వదులుకుంది. తను దూరమైతే స్టేషన్లో ఏమవుతుందో అని భయం. "అక్కయ్యా, ఊరందరి దొంగతనాలూ నీ నెత్తినేనా? మాకు ఊళ్లో తలెత్తుకోవాలని ఉండదా?" అని నాన్న విసుక్కునేవాడు. చెరువులవాళ్లు మా ఇంటివైపు చూడటం మానేశారు. పేరంటాలకి ఆవిడకెటూ పిలుపుల్లేవు. అమ్మకీ తగ్గాయి. అమ్మ ఆ సంగతి అత్తయ్య దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. అది అమ్మ గొప్పదనం.

ఆ రోజుల్లోనే ఆవిడ క్లాసులో హాజరు పిలవడం మానేసింది. పేర్లు పైకి చదివేది కాదు. లోపలికొచ్చి, ఓసారి గదంతా కలియజూసి, మౌనంగా టిక్కులు పెట్టుకునేది. ఒకరి బదులు ఒకరు పలికే సరదా పోయిందని పిల్లలు గోలపెట్టారట. ప్రిన్సిపాల్ పిలిచి అడిగితే, "గొంతు బాగాలేదండి" అందట. రిటైరయ్యేదాకా ఆ గొంతు బాగవలేదు.

గట్టు మీదకి వెళ్లడం మాత్రం మానలేదు. మొదట్లో పాఠం చెప్పడానికి వెళ్లిన మనిషి, తరవాత్తరవాత ఊరికే వెళ్లి కూర్చునేది. కోటమ్మ పక్కన కూర్చుని బుట్ట అల్లడం నేర్చుకుంది. నేర్చుకుంది అనడం అతిశయోక్తి. ఆవిడ అల్లిన బుట్ట ఎటు పెట్టినా ఒరిగిపోయేది. "ఇందులో కోడిని పొదగేత్తే గుడ్లతో సహా దొర్లుకుంటా కాలవలో పడద్దమ్మా" అని కోటమ్మ అంటే, గట్టు గట్టంతా నవ్వారు. అత్తయ్య కూడా, పక్కింటి పేపర్లు దింపించే ఆ నవ్వు నవ్వింది. ఆ పూటల్లో తను ఏం అడిగేదో, వాళ్లు ఏం చెప్పేవాళ్లో నాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. "అవి వాళ్ల కథలే. నేను మోసుకు తిరగడానికి కాదు" అనేది. ఒకసారి మాత్రం, నేను సెలవులకొచ్చినప్పుడు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంది: "సాయం చేసేవాళ్ల చేతికి తాళంచెవి ఇవ్వకూడదే. మంచివాళ్లయితే అసలివ్వకూడదు. మంచివాళ్ల దగ్గర్నుంచి తిరిగి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది."

తాతయ్య పోయాడు. మరికొన్నాళ్లకి వెంకన్న పోయాడు. అరుగు మీద తాతయ్య చోట నాన్న, అరుగు ముందు వెంకన్న చోట ఏసోబు. నేను ఉద్యోగంలో చేరి హైదరాబాదు వెళ్లిపోయాను. అంతా అలాగే సాగిపోతుందనే అనుకున్నాం.

తరవాత జరిగింది నాకు వకీలు గారు చెప్పిందే. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ పోయింది. ఏసోబుని తీసుకెళ్లారు. అలవాటు ప్రకారం అత్తయ్యకి ఫోనొచ్చింది. ఆవిడ చెప్పులేసుకుంటుండగా ఫోను మళ్లీ మోగింది. జంక్షన్‌లో రూపాయి ఫోను నుంచి కోటమ్మ.

"అమ్మా, ఈసారి మీరు సంతకం పెట్టమాకండి."

"పెట్టకపోతే కొడతారే కోటమ్మా."

"కొడితే ఒంటి మీది దెబ్బ తగ్గుద్దమ్మా. మీ సంతకం మా మనవళ్ల కాలానికి కూడా తగ్గదు. మీ మీద కోపంతో అంటల్లేదు. అందరం టేషనుకి ఎల్తన్నాం. మీరూ రండి. వచ్చి మాతో కూకోండి. మాట్టాడమాకండి."

అత్తయ్య ఫోను పెట్టేసింది. తరవాత పక్కింటి తలుపు కొట్టింది. వకీలు గారికి ఆ రోజు వాళ్ల బంధువులింట్లో నిఖా ఉంది. షేర్వాణీ వేసుకుని తయారుగా ఉన్నారు. ఆ షేర్వాణీతోనే, నల్లకోటు చేతిలో పట్టుకుని బయల్దేరారు.

వీళ్లు వెళ్లేసరికి గట్టు మీద జనమంతా, ముసలివాళ్లు, పసిపిల్లలతో సహా, స్టేషన్ ఎదుట ఎండలో కూర్చుని ఉన్నారు. గట్టు మీద ఒక్కరినీ ఉంచకుండా వచ్చేశారు. కొత్త ఎస్సై బయటికొచ్చి, "మేడమ్, మీరు లోపలికి రండి, ఫ్యాను కింద కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. "నేను మాట్లాడటానికి రాలేదండి. వాళ్లని అడగండి" అని అత్తయ్య కోటమ్మ వెనకాల మట్టిలో కూర్చుంది. జన్మంతా మాట్లాడి బతికిన మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదని వకీలు గారు అనేవారు. నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ పమిట కొంగుతో అదిమిపెట్టుకోవడం ఆయన చూశారట.

"ఏం కేసండీ? కాయితం ఉంటే చూపించండి. లేకపోతే మావోణ్ణి పంపించండి" అని కోటమ్మ అడుగుతూనే ఉంది. ఎస్సై కసిరాడు. బెదిరించాడు. పిల్లలు ఏడ్చారు. కోటమ్మ మళ్లీ అదే అడిగింది. కేసు లేకుండా మనిషిని ఎంతసేపు ఉంచుకోవచ్చో, ఉంచుకుంటే ఏమవుతుందో వకీలు గారు ఆ షేర్వాణీలోనే నిదానంగా వివరించారు. పొద్దు వాలేదాకా ఎటూ తేలలేదు. చివరికి ఎస్సై అత్తయ్య వైపు తిరిగి, "పోనీ ఎప్పట్లా మీ హామీ మీదే పంపిస్తాను మేడమ్" అన్నాడు. అందరూ ఆవిడ వైపు చూశారు. అంతవరకూ ఆ సంతకమే వాళ్లకి ఉన్న ఒకే ఒక్క గొడుగు. అది తీసేస్తే వాన ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. అత్తయ్య కోటమ్మ కేసి చూసింది. కోటమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆవిడ లేచి నిలబడి, రోజంతటికీ రెండోసారి నోరు విప్పింది. "నా హామీ నేను వెనక్కి తీసుకుంటున్నానండి."

ఆ సాయంత్రం ఏసోబుని ఏ కాగితమూ లేకుండానే వదిలారు. ఈసారి అతను ఎవరికీ దణ్ణం పెట్టలేదు. చిన్న కూతుర్ని ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. ఇంతవరకూ చెప్పి వకీలు గారు ఎప్పుడూ, "నిఖా భోజనం మాత్రం పోయిందమ్మా" అని ముగించేవారు.

ఆ తరవాత అన్నీ చక్కబడ్డాయని నేను అబద్ధం చెప్పను. ఇంకా ఒకటి రెండుసార్లు జీపు గట్టు మీదకి వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ వాళ్లంతా స్టేషన్‌కి వెళ్లి కూర్చున్నారు. అత్తయ్య వాళ్లు పిలిస్తే వెళ్లింది, పిలవనప్పుడు ఇంట్లోనే కాలుగాలిన పిల్లిలా తిరిగింది. "వెళ్లకుండా ఇలా తిరగడం నేర్చుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టిందే" అంది ఓసారి. మా అరుగు ముందుకి మాత్రం మళ్లీ ఎవరూ రాలేదు. పొద్దు వాలే వేళకి నాన్న పేపరు పట్టుకుని, వీధివైపు చూస్తూ, "ఏంటో వెలితిగా ఉంది" అనేవాడు. ఎందుకో ఆయనకి తెలుసో తెలియదో.

అత్తయ్యని కృష్ణ ఒడ్డున సాగనంపిన మర్నాడు, గట్టు మీద వాళ్లకి చెప్పి రమ్మని నాన్నే నన్ను పంపాడు. "వాళ్లకి తెలియకపోతే బాగుండదు. అక్కయ్య వాళ్ల మనిషి" అన్నాడు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేననుకోలేదు. కోటమ్మకి ఎలా చెప్పాలా అని ఆటోలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

గట్టు మీద ఎవరూ లేరు. పందుల అలికిడి లేదు. పొయ్యిల్లో బూడిద చల్లగా ఉంది. కాలవలో గేదెల్ని కడుగుతున్న ఒకావిణ్ని కేకేసి అడిగాను.

"ఎల్లిపోయారమ్మా, నాలుగు రోజులాయె. పిల్లా జెల్లా అందరూ. ఏదో వ్యానొచ్చింది."

"ఎక్కడికి వెళ్లారు?"

"ఏమో. ఎవురికీ చెప్పలా."

"ఎప్పుడొస్తారు?"

"అదీ చెప్పలా. ఒక్కళ్లనన్నా ఉంచి ఎల్తారా అంటే, ఉంచలా" అని ఆవిడ గేదె వీపు మీద నీళ్లు కొట్టింది.

అత్తయ్య పోవడానికి ముందే వెళ్లిపోయారన్నమాట. వాళ్లకి తెలియదు. తెలియజేయడానికి దారీ లేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖంలోనే, సిగ్గు లేకుండా, సంతోషం కూడా కలిసొచ్చింది. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు. సెల్ మోగింది. నాన్న.

"చెప్పావా?"

"లేరు నాన్నా. ఊరెళ్లారట."

"ఏ ఊరు?"

"ఎవరికీ తెలీదు."

"అదేంటి, ఒక్క మాటన్నా చెప్పకుండా..." అని నాన్న అంటూ అంటూ మధ్యలో ఆగిపోయాడు.

గుడిసెల తలుపులన్నీ కొబ్బరి తాళ్లతో కట్టి ఉన్నాయి. తిరిగొచ్చి ఒక్క చేత్తో లాగితే ఊడిపోయేలా వేసిన వదులు ముళ్లు. వ్యాను చక్రాల జాడ గట్టు మట్టిలో రోడ్డు దాకా వెళ్లి, తారు మీద ఎటు తిరిగిందో తెలియకుండా పోయింది.